కాసుల రాజ్యంలో చిత్రాన్నం

ఫోను మోగితే నాగేశ్వరికి అది చావుకబురే. వాన పడితే కరెంటు తీగ తెగినట్టే, ఎండ కాస్తే వడదెబ్బ తగిలినట్టే, కొడుకు రావడం కాస్త ఆలస్యమైతే మాదాపూర్ రోడ్డు మీద లారీ, లారీ పక్కన ఒంటి చెప్పు. జరగబోయే మంచి ఆమెకు ఏనాడూ తోచలేదు. జరగబోయే చెడ్డ మాత్రం రంగులతో సహా కళ్ళ ముందు ఆడేది. ప్రొద్దుటూరులో ఉన్నన్నాళ్ళూ అత్తగారు, దీని నోట ఒక్క శుభం పలకదు గానీ కడుపున మాత్రం బంగారం పండింది అని దెప్పేది. ఆ బంగారం అవినాష్. ఒక్కగానొక్కడు.

భర్త రామాంజనేయులు కొండాపూర్‌లో ఒక ప్లాట్ల వెంచరుకు సూపర్‌వైజరు. బండలు పగలగొట్టించడం, హద్దురాళ్ళు పాతించడం, కొనేవాళ్ళు కార్లలో వస్తే గొడుగు పట్టి చూపించడం ఆయన పని. అక్కడే రుక్కమ్మ అనే ఆమె ఇంటి వెనక రెండు గదులు కిరాయికి తీసుకుని కాపురం ఉంటున్నారు. కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల మేడకు పోయే దారిలో ఒక చిన్న కంపెనీలో అవినాష్‌కు కంప్యూటరు ఉద్యోగం దొరికింది. దొరికింది అనడానికి కూడా లేదు, ఇంకా ట్రైనింగే. వాడితో పాటు ఇంకా కొంతమంది పిల్లల్ని తీసుకున్నారు. ట్రైనింగు అయ్యాక అందరినీ ఉంచుకుంటారా అని నాగేశ్వరి భర్తను అడిగింది. ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ తనకు తెలిసిన లోకంలోంచి జవాబు చెప్పాడు. కూలీలను తామూ అట్లే తీసుకుంటామనీ, కొన్నాళ్ళు పని చూసి గట్టివాళ్ళను ఉంచుకుని మెత్తనివాళ్ళను లారీ ఎక్కించి పంపేస్తామనీ, ఎక్కడికి పోయినా అదే పద్ధతనీ. ఆ మాట అనేసి గోడవైపు తిరిగి గురక పెట్టాడు. ఆమెకు మాత్రం ఆ రోజు నుంచి నిద్ర కరువైంది. కళ్ళు మూస్తే లారీ. లారీలో మెత్తనివాళ్ళ మధ్య తన కొడుకు.

అట్లాంటి రోజుల్లో ఈ ఆదివారాల వ్యవహారం మొదలైంది.

ఆదివారం సెలవు. అయినా వాడు తెల్లవారకముందే లేచి, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాడు. సంచిలో కాషాయం రంగు ముంచిన పాత పంచె, స్పాంజితో చేసి వెండిరంగు పూసిన కత్తి ఒకటి. పొద్దుగూకినాక వచ్చేవాడు. మోచేతులు గీరుకుపోయి, పెదాలు ఎండి పగిలి, వచ్చీ రాగానే కాళ్ళు కూడా కడుక్కోకుండా గిన్నె ముందు కూర్చునేవాడు. ఏడు రోజులు పస్తున్నవాడిలా తింటుంటే ఆమె ఎదురుగా కూర్చుని, ఎవరు నా బిడ్డను ఇట్లా మాడ్చేది అని లోపల లోపల కుమిలిపోయేది. ఆఫీసు పనేనా నాయనా అని అడిగితే, ఆఫీసోళ్ళమే గదా అందరం అనేవాడు.

ఒక సోమవారం బట్టలు నానబెడుతుంటే జేబులోంచి ఇత్తడి బిళ్ళలు రాలాయి. ఒకవైపు ఏనుగు తల అచ్చు, రెండోవైపు బోడి. పేకాట అనుకుంది ముందు. సంచి దులిపితే మెడకు సరిపోయేంత ముడి వేసిన నల్లతాడు బయటపడింది. అప్పుడు పేకాట అయినా బాగుండేది అనుకుంది.

ఆ రాత్రి అన్నాల దగ్గర వాడే చెప్పాడు. మంచి హుషారులో ఉన్నాడు కాబట్టి చెప్పాడు. కంపెనీ పెట్టిన చెన్నకేశవులు సారు పైచదువులకు విదేశం పోయినప్పుడు, అక్కడ పెద్దపెద్దవాళ్ళు అడవుల్లో రాజులూ రాక్షసులూ మంత్రగాళ్ళుగా వేషాలు కట్టి, పొద్దంతా ఆ వేషంలోనే బతికే ఆట ఒకటి చూశాడట. ఇక్కడికొచ్చి కొండాపూర్ అవతల బండల్లో, ఇంకా ఎవరూ ప్లాట్లు కొట్టని చోట తాడు కట్టి ఒక రాజ్యం చేశాడు. మణిగిరి దాని పేరు. సారే రాజు. మొదటి రోజు అందరికీ సమానంగా కాసులు పంచారు, ఈ ఇత్తడి బిళ్ళలే. ఆ తర్వాత ఎవరి తెలివి వాళ్ళది. కాపలా కాస్తే కాసు, రాళ్ళు మోసి కోటగోడ కడితే కాసు, రాక్షసుణ్ణి కత్తితో తాకి పడగొడితే కాసు. మంత్రం కావాలంటే మంత్రగాడి దగ్గర కొనుక్కోవాలి. ముగ్గుపిండి పొట్లం విసిరి కొడితే అవతలివాడు రాయి అయిపోయినట్టు, అందరూ నూరు లెక్కపెట్టేదాకా వాణ్ణి ఎవరూ ముట్టుకోకూడదు. తాగే నీళ్ళకు కాసు, నడిచే దారికి కాసు. ఇంటి నుంచి తిండి తేకూడదు. రాజ్యం పొయ్యి మీద కాల్చిన జొన్నరొట్టెలే కొనుక్కుని తినాలి. కాసులు అయిపోయినవాడు మెడలో నల్లతాడు వేసుకుని, ఉన్నవాడికి బంటుగా ఊడిగం చేయాలి. ఈ ఆదివారం పడిన తాడు వచ్చే ఆదివారం కూడా ఉంటుంది, యజమాని దయతలచి తీసేదాకా.

నాగేశ్వరికి రాజూ రాక్షసుడూ చెవికెక్కలేదు. రెండే ఎక్కాయి. తిండి, తాడు.

"నీ మెడలో వేసినారా నాయనా?"

"అదంతా నీకెందుకు మా. ఇంకొంచెం పప్పెయ్యి."

"మీ సారు చూస్తాంటాడా ఇదంతా?"

"రాజు గదా. అన్నీ చూస్తాడు."

ఇంక ఆమెకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. ఆదివారాలు ఎందుకు పెట్టాడో ఆ సారు, ఇప్పుడు తెలిసింది. ఎవరు గట్టి, ఎవరు మెత్తన అని తేల్చుకోవడానికి. తాడు పడినవాణ్ణి ఉద్యోగంలో ఎవరు ఉంచుకుంటారు. భర్తతో అంటే, ఉండొచ్చు, పెద్దోళ్ళు ఊరికే ఏదీ చేయరు అన్నాడు.

మర్నాడు కుళాయి దగ్గర రుక్కమ్మ ముందు గోడు వెళ్ళబోసుకుంది. ఆ రుక్కమ్మ పొలాలమ్మి ఇళ్ళు కట్టి కిరాయిలతో బతికే మనిషి, దేనికీ బెదరదు. బిందె కింద చెయ్యి పెట్టి నవ్వింది.

"ఏందమ్మా, మీసాలొచ్చిన పోరడు ఆడుకుంటుంటే గంత ఫికరెందుకు? నా కొడుకులు గా వయసుల పత్తాలాడి బాయికాడి మోటరమ్మిన్రు. నీవోడు ఇత్తడి బిళ్లలాడుతుండు. నయం గాదా? జర పానం నిమ్మలం చేసుకో."

నాగేశ్వరి ప్రాణం నిమ్మళం చేసుకోలేదు. వారమంతా ఆలోచించింది. భయం మనిషిని మూర్ఖురాల్ని చేస్తుందంటారు గానీ, ఆమెకు మాత్రం భయంలోంచే తెలివి పుట్టేది. ఒక్క కొడుక్కే తిండి పట్టుకుపోతే నలుగురిలో వాడికి తలవంపు. అందరికీ తీసుకుపోతే ఎవరూ నోరెత్తరు. ఆ సారుకు కూడా ఒక ఆకులో పెడితే, ఇంత మంచి తల్లి కడుపున పుట్టినవాడు అని ఒక మెత్తని మూల ఏర్పడుతుంది ఆయన మనసులో. ఏ దేవుడికైనా నైవేద్యం పెట్టకుండా కోరిక అడుగుతామా.

ఆదివారం వాడు బొరుగుల ఉగ్గాణి కూడా ముట్టకుండా వెళ్ళిపోగానే పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టింది. నిమ్మకాయలు పిండి, శెనగ్గింజలు వేయించి, ఇంగువ పోపు దట్టంగా పెట్టి, చెయ్యి ధారాళం చేసి చిత్రాన్నం కలిపింది. మూత ఉన్న పెద్ద డబ్బాలో నింపి, తడిబట్ట చుట్టి, చుట్టకుదురు పెట్టి నెత్తికెత్తుకుంది. ఆటో ఎంతవరకు పోతే అంతవరకు పోయి, అక్కడి నుంచి ఎండలో బండల మధ్య నడిచింది. అరికాళ్ళు చుర్రుమంటున్నాయి. దారంతా వాడి మెడే కనపడుతోంది, తాడు ఒరుసుకుని ఎర్రగా కమిలిన మెడ.

రాజ్యం హద్దు అంటే కొబ్బరితాడు. దానికి రంగుగుడ్డలు కట్టారు. బల్లెం పట్టుకుని నిలబడిన కుర్రవాడి మెడలో నల్లతాడు ఉంది. లోపలికి పోవాలంటే కాసు ఇవ్వాలి అన్నాడు గానీ, వాడి చూపు ఆమె మొహం మీద లేదు, నెత్తి మీది డబ్బా మీద ఉంది. ఆమె బతిమాలుతుండగా చెన్నకేశవులు సారే వచ్చాడు. పట్టుపంచె, అద్దంబిళ్ళలు అంటించిన అట్టకిరీటం, కిరీటం కింద బంగారు ఫ్రేము కళ్ళద్దాలు. ఎంతో మర్యాదగా అమ్మగారూ అన్నాడు. తాడు దాటి వచ్చింది ఏదైనా ఇంక రాజ్యంలోదేనని, ఇప్పుడు ఆమె పరదేశం నుంచి వచ్చిన వర్తకురాలని చెప్పాడు. ఆమె చేతులు కట్టుకుని, పిల్లలకు తలా ఒక ముద్ద పెట్టుకోవచ్చా సార్ అని అడిగింది.

"మీ అన్నం, మీ ఇష్టం అమ్మా. పెట్టుకుంటే పెట్టుకోండి, అమ్ముకుంటే అమ్ముకోండి. రాజు అడ్డం రాడు."

చెప్పి, పక్కకు జరిగి దారి ఇచ్చాడు. తొట్టిలోకి కొత్త చేపను వదిలి చూసేవాడిలా ఉంది ఆయన మొహం.

లోపల ఒక ఏనుగంత బండ. బండ నీడలో గోనెపట్టా. పట్టా మీద తడిగుడ్డ కప్పిన రొట్టెల గంప. గంప వెనక కాషాయం పంచెలో అవినాష్. ఒకడు మెడలో తాడుతో వెనక నిలబడి అట్టముక్కతో వాడికి విసురుతున్నాడు. ఎదురుగా ఎండలో వరస కట్టి నిలబడ్డ పిల్లలు, వాళ్ళ ఒళ్ళంతా రాతిపొడి. వరస మొదట ఉన్నవాడు అరచేతిలో రెండు కాసులు చూపిస్తున్నాడు. రొట్టె అయిదు కాసులంటున్నాడు అవినాష్. పొద్దున పొయ్యి దగ్గర ఒక్క కాసుకే దొరికేది గదా, అప్పుడు ఎందుకు కొనుక్కోలేదని చాలా నెమ్మదిగా, తమ్ముడికి బుద్ధి చెప్పినట్టు అడుగుతున్నాడు. తర్వాత ఏదో తోచినట్టు, నాలుగు కాళ్ళ మీద నిలబడి మొరిగితే రెండుకే ఇస్తానన్నాడు. ఆ పిల్లవాడు అటూ ఇటూ చూసి, చేతులు నేలకు ఆనించి మొరిగాడు. వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. అవినాష్ రొట్టె తీసి వాడి ముందు, నేల మీద పెట్టాడు.

నాగేశ్వరి ఇదంతా చూసింది గానీ, చూసింది వాడి మెడను. వాడి మెడ ఖాళీగా ఉంది. తాడు లేదు, కమిలిన గుర్తు లేదు. నెత్తి మీద డబ్బా ఒక్కసారిగా బరువు తగ్గినట్టయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా తండ్రీ, నువ్వు కాదు గదా, అనుకుంది. నేల మీది రొట్టెను ఏరుకుని దుమ్ము దులుపుకుంటున్నవాడి తల్లి ఎవరో, ఆ ఊహ ఆమెకు రాలేదు.

డబ్బా దించుతుంటేనే నిమ్మకాయ వాసన పాకింది. రాళ్ళ కుప్ప దగ్గర కూర్చున్న ఒక అమ్మాయి ఆ వాసన పట్టుకుని లేచి వచ్చింది. రత్నమాల ఆ పిల్ల పేరు. తెల్లాపూర్‌లో ద్రాక్షతోట పనికి పోయే ఇంటి నుంచి వచ్చి కంప్యూటరు నేర్చుకున్న పిల్ల. అవినాష్‌తో పాటే చేరింది. మెడలో తాడు ఉంది, అది అవినాష్ వేసిందే. పెదాలు పిండి పూసినట్టు తెల్లగా ఉన్నాయి.

"అమ్మా, జర ఒక్క ముద్ద పెట్టరాదు. కండ్లు తిరుగుతున్నయ్."

నాగేశ్వరి చెయ్యి ఆలోచించలేదు. అమ్మా అని చెయ్యి చాపితే పెట్టడం తప్ప ఆ చేతికి ఇంకోటి తెలియదు. మూత సగం తెరిచింది. అంతలో అవినాష్ పట్టా మీంచి లేచి వచ్చి, ఆ పిల్లకూ డబ్బాకూ మధ్య నిలబడ్డాడు. గొంతు తగ్గించాడు.

"మా, మూత పెట్టు."

"పిల్ల సొమ్మసిల్లేటట్టుందిరా."

"ముందు మూత పెట్టు. పొద్దున ఖజానాలో అప్పు తీసుకొని రొట్టెలన్నీ నేనే కొన్నా. పొద్దుగూకేలోగా రెండింతలు కట్టాల. నువ్వు ఊరికే పెడితే నా రొట్టె ఎవడు కొంటాడు? సాయంత్రానికి ఆ తాడు నా మెడలో పడతాది."

ఆమె తల తిప్పి చూసింది. ఎత్తైన రాయి మీద కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని సారు ఇటే చూస్తున్నాడు.

"పడితే?" అంది.

అవినాష్ ఒక అడుగు దగ్గరికి వచ్చాడు. తల్లి మొహంలోకి చూశాడు. ఆ మొహంలో ఏ భయం ఏ మూల ఉంటుందో, దేన్ని తడితే ఏది లేస్తుందో వాడికి చిన్నప్పటి నుంచి తెలుసు. జ్వరం అంటే బడి మాన్పిస్తుంది, నీళ్ళలో దిగుతానంటే సైకిలు కొనిస్తుంది.

"పడితే ఏమయితాదో నీకు తెలీదా మా. సార్ చూస్తానే ఉండాడు గదా."

లారీ వచ్చి ఆమె కళ్ళ ముందు ఆగింది. మెత్తనివాళ్ళు ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. వెనక తలుపు పట్టుకుని, ఎవరో పేరు పిలిచినట్టు అవినాష్ కూడా ఒక కాలు పైకి పెట్టాడు.

ఆమె డబ్బా మూత పెట్టింది. పెట్టి, దాని మీద చెయ్యి ఆనించింది. రత్నమాల చాపిన చెయ్యి ఇంకా అట్లాగే ఉంది.

"కాసుందా తల్లీ?" అంది నాగేశ్వరి.

తన గొంతు అంత మెత్తగా వస్తుందని ఆమే అనుకోలేదు. పిల్ల ముందు అది ఎకసెక్కం అనుకుని నవ్వబోయింది. తర్వాత ఆమె కళ్ళలోకి చూసి నవ్వు ఆపింది.

"తాడేసుకున్నోళ్ల కాడ కాసులెక్కడియమ్మా."

"అయితే సంపాదించుకొని రా. ఇది కూడా ఎవరో ఒకరు కష్టపడి వండిందే గదా."

అవినాష్ పకపకా నవ్వాడు. బండలన్నీ ఆ నవ్వును తిరిగి నవ్వాయి. "సార్, మా అమ్మ నాకంటే నయం సార్" అని రాయి మీదికి కేకేశాడు. రాయి మీది సారు చప్పట్లు కొట్టాడు. నాగేశ్వరికి సిగ్గేసింది. సిగ్గుతో పాటు ఇంకోటి కూడా వేసింది, అదేమిటో ఆమెకు చప్పున తెలియలేదు. ఇన్నేళ్ళలో వాడు ఆమెను విసుక్కున్నాడు, జోకొట్టాడు, నోరు మూయించాడు. పదిమందిలో ఆమెను చూపించి గొప్పగా చెప్పుకోవడం ఇదే మొదలు.

వాడు ఆమెను పట్టా మీద తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. రొట్టె కంటే చిత్రాన్నం ఖరీదు. పిడికెడు ఎనిమిది కాసులు. కాపలా కాసి కాసులు కూడబెట్టుకున్నవాళ్ళు, మంత్రాలమ్మి బలిసినవాళ్ళు వచ్చి కొన్నారు. మొదటి కాసు ఒళ్ళో పడ్డప్పుడు చీర మీంచి చల్లగా తగిలింది. కాసేపటికే చేతికి ఒడుపు వచ్చింది. గట్టిగా నొక్కకుండా, పిడికిలి నిండినట్టు కనపడేలా వేళ్ళ మధ్య గాలి ఉంచి పెట్టడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. శెనగ్గింజలు పైపైకి ఏరి పెట్టమని వాడు చెబితే, ఆ పని అప్పటికే చేస్తున్నానంది. ఎవడో ఒకడు, కోకాపేట నుంచి సైకిలు తొక్కుకుని వచ్చే పిల్లవాడు, అమ్మగారూ మీరు నిన్న పుట్టిన వర్తకులు కాదు అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

రత్నమాల గోడ పనికి పోయింది. కింద నుంచి రాళ్ళు మోసుకుని, కోటగోడ కట్టే మరో బండ పైకి చేరవేస్తే, కొన్ని విడతలకు ఒక కాసు. కాసులు పోగేసి ఆ పిడికెడు కొనుక్కునేసరికి డబ్బా అడుగంటుతుందని ఆ పిల్లకూ నాగేశ్వరికీ తెలుసు. నాగేశ్వరి కూర్చున్న చోటికి ఆ బండ ఎదురుగానే ఉంది. నున్నటి బండ. పిల్ల రాయిని పొట్టకు ఆనించుకుని ఎక్కుతోంది. ఎక్కి, ఆగి, కళ్ళు మూసుకుని, మళ్ళీ ఎక్కుతోంది. చెడ్డను ముందే చూసే కళ్ళు నాగేశ్వరివి. ఆ పూటా చూశాయి. జారబోయే కాలు, నెత్తురు పడబోయే చోటు, రంగులతో సహా కనపడ్డాయి. కానీ ఆ కాలు అవినాష్‌ది కాదు. ఆమె చూపు దించుకుని, ఒళ్ళో కాసులు చెదిరితే దగ్గరికి చేర్చుకుంది.

పడ్డ చప్పుడు పెద్దగా రాలేదు. రాయి దొర్లిన చప్పుడే వచ్చింది. పిల్ల బండ మొదట్లో పక్కకు తిరిగి పడి ఉంది. అదే నిమిషాన మంత్రగాడి వేషం కట్టినవాడు అటువైపు ఎవరి మీదో పొట్లం విసిరాడేమో, గాలిలో ముగ్గుపిండి ఎగురుతోంది. ఆ పిల్లకే మంత్రం తగిలింది అనుకున్నారు అందరూ. మంత్రం తగిలినవాళ్ళను ముట్టుకోకూడదు. ఎవడో గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, మిగతావాళ్ళు గొంతు కలిపారు. బాగా చేస్తోంది పిల్ల, రాయిలాగే ఉంది అని ఒకడు మెచ్చుకున్నాడు. లెక్క సాగుతూనే ఉంది. నాగేశ్వరికి తెలుసు అది మంత్రం కాదని. లేచి అరవాలని నోరు తెరిచింది. అవినాష్ ఆమె మోచేతి మీద చెయ్యి వేశాడు, గట్టిగా కాదు, ఊరికే వేశాడు. లెక్క పూర్తయింది. పిల్ల లేవలేదు. తల కింద బండ నల్లగా తడిసింది. అప్పుడు సారు ఈల వేశాడు.

కొండాపూర్ చౌరస్తా దగ్గరి దవాఖానకు సారు కారులోనే తీసుకుపోయారు. వెనక ఆటోలో అవినాష్, నాగేశ్వరి, ఆమె ఒళ్ళో డబ్బా. చెయ్యి విరిగిందన్నారు. తలకు కుట్లు వేశారు. ప్రాణానికి భయం లేదన్నారు. చెన్నకేశవులు సారు వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. కిరీటం తీసేశాడు గానీ నుదుటి మీద దాని గీత ఇంకా పోలేదు. నాగేశ్వరి పోయి ఆయన ముందు చేతులు జోడించింది. మావాడు పిల్లవాడు సార్, ఏదో ఆటలో అయిపోయింది, వాడి తప్పేం లేదు, ఇది మనసులో పెట్టుకుని వాణ్ణి ఉద్యోగంలోంచి తీసేయొద్దు సార్ అంది. ఆయనకు అర్థం కాలేదు.

"ఎవరు తీసేస్తారమ్మా? అందరికీ పోయిన నెలలోనే పర్మనెంటు కాయితాలు ఇచ్చేశాం. ఈ పిల్లకు కూడా. ఆదివారం ఆదివారమే, ఆఫీసు ఆఫీసే. ఇష్టం ఉన్నవాళ్ళు వస్తారు, లేనివాళ్ళు ఇంట్లో పడుకుంటారు. అవినాష్ చెప్పలేదా మీకు?"

ఆమె బెంచీ పక్కన దించిన డబ్బా తీసుకుంది. తర్వాత బయటికి వచ్చింది. అవినాష్ మెట్ల మీద కూర్చుని సోడా తాగుతున్నాడు.

"కాయితం ఇచ్చినారంట గదా నీకు."

"ఆఁ."

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్తే ఆదివారాలు నన్ను పోనిస్తావా మా? ఎండంటావు, పామంటావు. ఉద్యోగం పోతాదంటేనే గదా నువ్వు నోరు మూసుకునేది." సోడాసీసా పక్కన పెట్టి డబ్బా వైపు చూశాడు. "ఇంకేమన్నా మిగిలిందా? పొద్దున్నుంచి ఒక్క రొట్టె కూడా తినలా నేను. అమ్మే సరుకు తింటే ఏం మిగలదు."

అడుగున కొంచెం ఉంది. ఆమె మూత తీసి ఇచ్చింది. వాడు నిలబడే, వేళ్ళతో అంచులు గీకి గీకి తిన్నాడు. ఆమె వాడి మొహం చూస్తూ నిలబడింది. ఇంతకాలం వీడికేమవుతుందో అని బతికింది గానీ, వీడేమవుతాడో అని ఒక్కనాడూ భయపడలేదు. ఆ భయం ఇప్పుడు వచ్చి పక్కన నిలబడింది. అయినా, అప్పుడు కూడా, బిడ్డ ఆకలిగా తింటుంటే కడుపు చల్లబడింది ఆమెకు. దాన్ని ఆపుకోలేకపోయింది.

తెల్లాపూర్ నుంచి రత్నమాల తల్లి ఎవరిదో మోపెడ్డు వెనక కూర్చుని వచ్చింది. తోటలోంచి అట్లాగే వచ్చినట్టుంది, చీర మోకాళ్ళ దాకా దోపుకునే ఉంది, కాళ్ళకు చెప్పులు లేవు. గడప దాటుతూనే మంచం కోసం కాదు, మంచం మీద మొహానికి గుడ్డ కప్పి ఉందా అని చూసింది. లేదని చూశాక గోడ పట్టుకుని ఊపిరి పీల్చుకుంది. ఆ చూపు నాగేశ్వరికి తెలుసు. తనదే ఆ చూపు. కూతురి కాళ్ళూ చేతులూ తడిమి, తలకట్టు మీద చెయ్యి ఆడించి, ఆమె బయటికి వచ్చింది. ఎవరిని అడగాలో తెలియక, అక్కడున్న వాళ్ళలో ఆడమనిషి ఒక్కతే కాబట్టి నాగేశ్వరి చేతులు పట్టుకుంది.

"మా పోరి రాత్రి బువ్వ మీద అలిగి పండిందమ్మా. పొద్దుగాల చాయ గూడ తాగకుంట ఎల్లింది. నా పానమంత దాని మీదనే ఉన్నది. అక్కడ ఏమన్న తిన్నదా?"

మెట్ల మీద అవినాష్ నోటి దగ్గరికి తీసుకుపోయిన వేళ్ళు ఆగాయి. తలుపు తెరిచే ఉంది. లోపల మంచం మీద రత్నమాల కళ్ళు తెరుచుకుని ఉంది, ఇటే చూస్తోంది.

నాగేశ్వరికి కళ్ళ ముందు పోలీసు జీపు వచ్చి ఆగింది. వాకిట్లో జనం. నడుం మీద చెయ్యి పెట్టుకుని చూస్తున్న రుక్కమ్మ. జీపు వెనక తలుపు పట్టుకుని ఒక కాలు పైకి పెట్టి, మా అని వెనక్కి తిరిగి చూస్తున్న అవినాష్.

"తినింది తల్లీ," అంది. "నా చేత్తోనే పెట్టినా. చిత్రాన్నం చేసుకొని పోయింటి పిల్లోళ్ళ కోసం. వద్దు వద్దంటాంటే రెండు ముద్దలు ఎక్కువే పెట్టినా."

ఆ తల్లి మొహం విచ్చుకుంది. ఆమె నాగేశ్వరి రెండు చేతులూ పైకెత్తి, నిమ్మకాయ వాసన ఇంకా వదలని ఆ చేతులు తన కళ్ళకు అద్దుకుంది. "నీ కడుపు సల్లగుండ. పరాయి పిల్లకు తల్లివైనవ్. నీ కొడుకు నూరేండ్లు బతకాలె, దొర లెక్క బతకాలె, వానికి ఏ ఆపతి రావొద్దు."

లోపల రత్నమాల మొహం గోడవైపు తిప్పుకుంది. నాగేశ్వరి ఆ దీవెన పూర్తయ్యేదాకా చేతులు వెనక్కి తీసుకోలేదు.